మ్యాట్నీ వదిలేలోపు

మిరపకాయ పొగకు మూసుకోని కళ్ళు పల్నాడు మొత్తం మీద రెండే ఉన్నాయి, ఆ రెండూ బాపయ్య ముఖానే ఉన్నాయి. ఈ మాట పొద్దుటి ఆట వదిలిన దగ్గర్నుంచీ ఆయన హాలు గేటు దగ్గర ఒకసారి, సోడా బండి దగ్గర ఒకసారి, ఇప్పుడు హాలుకు ఎదురుగా ఉన్న బుల్లయ్య సెలూన్‌లో బల్ల మీద కూర్చుని మరోసారి చెప్పాడు. సత్తెనపల్లి జనమంతా తువ్వాళ్ళలో ముఖాలు దాచుకుని దగ్గుతుంటే తానొక్కడే రెప్ప వాల్చకుండా ‘బారుకత్తి’ ఏడో పార్టు ఆఖరి ఘట్టం చూశానని, చూసి పందెం ఓడిపోయానని, ఓడినందుకు మీసం తీయించుకోవడానికి వచ్చానని. పక్కనే ఇషాక్ కూర్చుని ఉన్నాడు, గెలిచినవాడు, తేలు కొండిలా పైకి తిరిగిన తన తెల్ల మీసాన్ని వేలితో నిమురుకుంటూ. పందెం పుట్టింది కూడా ఈ బల్ల మీదే. హీరో రణధీర్ బాబు ఈ పార్టుతో బారుకత్తి పాత్రకు సెలవు చెబుతున్నాడని గోడల నిండా పోస్టర్లు పడ్డ రోజున, ఆఖర్న వాడు ఆ కత్తి కింద పెట్టేస్తాడు చూడరా, పట్టుకునే ఓపిక లేదు వాడికి, అని బాపయ్య అన్నాడు. ప్రాణం పోయినా పెట్టడు, అని ఇషాక్ అన్నాడు. ఓడినవాడు చూసిన రోజే, ఈ కుర్చీలోనే, నున్నగా గీయించుకోవాలి. మీసం మీద పందెమంటే ఈ ప్రాంతంలో పొలం మీద పందెం కన్నా పెద్దది, పొలం పోయినవాడు కౌలుకు చేసుకుని బతుకుతాడు, మీసం పోయినవాడు అది మొలిచేదాకా టీ కొట్టు వైపు రాలేడు.

కుర్చీలో ఒక పెళ్ళికొడుకు ఉన్నాడు. ముఖానికి ఏదో పచ్చటి ముద్ద పూయించుకుని, కళ్ళ మీద దోసకాయ చెక్కలు పెట్టించుకుని, ఒళ్ళో సెల్‌ఫోన్ తనంతట తాను వాగుతుంటే పడుకున్నాడు. ఆ ముద్ద ఆరాలట, కడగాలట, మళ్ళీ ఇంకో రంగుది పూయాలట. ఇంత ఆలస్యమైతే ఎలారా అని బాపయ్య లోపల ఉడికిపోతున్నాడు, ఎందుకంటే రోడ్డవతల మ్యాట్నీ నడుస్తోంది, ఇంటర్వెల్ గంట ఎప్పుడో మోగింది, సమోసాలవాడు ఖాళీ బుట్టతో బయటికి వచ్చేశాడు. ఆ ఆట వదిలితే తలుపుల్లోంచి నిజం బయటికి వస్తుంది, వచ్చి నేరుగా ఈ సెలూన్ మెట్లెక్కుతుంది. ఓడినవాడికి ఇంత తొందరేమిటని బుల్లయ్యకు అర్థం కావడం లేదు. బాపయ్య తొందర ఓడినందుకు కాదు. గెలిచింది తానే. రణధీర్ బాబు కత్తి కింద పెట్టాడు, ఆ సంగతి బాపయ్యకు తెలుసు, తెలిసి ఇషాక్‌తో పెట్టలేదని చెప్పాడు. ఇప్పుడు తన మీసం ముందుగా నేల మీద పడితే సరే, పందెం తీరిపోయినట్టే, తర్వాత ఎవరేం చెప్పినా నవ్వుకోవచ్చు. పడకముందే నిజం వస్తే మాత్రం ఇషాక్ ఆ కుర్చీలో కూర్చుంటాడు. మాట మీద నిలబడే జబ్బు ఉంది వాడికి. ఆ మీసం లేని ఇషాక్‌ను తలుచుకోబోయి బాపయ్య తలుచుకోలేకపోయాడు, గోపురం లేని గుడి కనిపించింది, కొమ్ములు లేని ఎద్దు కనిపించింది, ఇషాక్ మాత్రం కనిపించలేదు.

దీనంతటికీ కారణం ఆ సినిమా. సినిమా అనాలా దాన్ని. పొద్దున తెర మీద పేరు పడగానే ఈల వేయడానికి నోట్లో వేళ్ళు పెట్టుకున్న కుర్రాళ్ళు అలాగే ఉండిపోయారు, ఎందుకంటే పేరు వెనకాల వచ్చింది రణధీర్ బాబు కాదు, వాడి వీపు. ఆ వీపు గోడ దూకింది, మేడ మీంచి మేడ మీదికి గెంతింది, గుర్రమెక్కింది, మంటల్లోంచి పరిగెత్తింది. ఈ పనులన్నీ అయ్యాక, చెమట చుక్క లేకుండా, దువ్విన విగ్గుతో, పేరంటానికి వచ్చినట్టు తీరిగ్గా ముఖం వచ్చి ఒక డైలాగు చెప్పి పోయింది. వీపుకు పాతికేళ్ళుంటాయి. ముఖానికెన్నో బాపయ్యకు తెలుసు, ఇంచుమించు తన వయసే. పొట్టను లోపలికి తోసి కట్టిన పట్టీ, వాడు ఊపిరి తీసినప్పుడల్లా కిర్రుమన్నట్టు మూడో వరుసలో కూర్చున్న బాపయ్యకు వినిపించింది. గుద్దు ఇక్కడ, గుద్దు తిన్నవాడు అక్కడ, మధ్యలో ఎడ్లబండి తిప్పుకోవచ్చు. కుర్రతనం చూపించడానికి కంప్యూటర్‌లో పెట్టి ముడతలు తీయించారు, ఉడకబెట్టి పెంకు వలిచిన గుడ్డుకు మీసం అంటించినట్టు తయారైంది. ఆ గుడ్డు మనవరాలి ఈడు పిల్లతో మంచుకొండల్లో గంతులేసింది, గంతుకూ గంతుకూ మధ్య ఎవరో పట్టుకున్నట్టున్నారు. అదీ పోనీ అనుకుంటే పల్నాడు అని చెప్పి ఒక మిరపతోట చూపించారు. కాయలన్నీ ప్లాస్టిక్ పూసల్లా ఒకే సైజు. హీరోయిను వాటిని సన్నజాజులు కోసినట్టు రెండు వేళ్ళతో సుతారంగా కోసి, ఒళ్ళో పోసుకుని, అమ్మ గుర్తొచ్చి, అదే చేత్తో కళ్ళు తుడుచుకుంది. హాలంతా ఒక్కసారి అమ్మో అంది. ఆ పిల్ల మాత్రం కన్ను కూడా నలపకుండా రెండో చరణం ఎత్తుకుంది. అప్పుడే బాపయ్య లేచి వచ్చేయాల్సింది. ఆడకూలీల్లో ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళు, కోతకు పోయొచ్చిన రోజు సొంత బిడ్డ ముఖం కూడా తాకరు.

“ఏరా, మీసం తీశాక సుబ్బరావమ్మ నిన్ను గుర్తుపడుతుందంటావా?” అన్నాడు ఇషాక్, బల్ల మీద పక్కకు జరుగుతూ.

“పట్టకపోతేనే మంచిదిరా. కొత్తాయన వచ్చాడనుకుని రెండు రోజులన్నా తిట్టకుండా ఉంటుంది.”

నవ్వాడు ఇషాక్, నవ్వులో గెలిచిన గర్వం కన్నా ఇంకేదో తేలికదనం ఉంది, నెత్తి మీది మూట దించుకున్నవాడు నవ్వినట్టు. ఆ నవ్వు చూస్తే బాపయ్యకు మొదటి పార్టు గుర్తొచ్చింది. ఇద్దరికీ నల్లటి జుట్టున్న కాలం, ట్రాక్టరు తొట్టిలో నిలబడి వచ్చారు, దుమ్ము కొట్టుకుపోయిన ముఖాలతో. అప్పుడు రణధీర్ బాబు చువ్వలా ఉండేవాడు, ఆ సంగతి ఒప్పుకోవాలి. రైలు పెట్టె మీంచి వంతెన కింది ఏట్లోకి దూకాడు, దూకింది వాడే, ఒడ్డుకొచ్చాక ముక్కులోంచి నీళ్ళు కారింది వాడికే, అరచేత్తో చీదుకుని మళ్ళీ కత్తి పట్టుకున్నాడు. ఆ చీదుకోవడం చూసి ఇషాక్ మనసు పారేసుకున్నాడు. మనలాంటోడేరా, ముక్కు కారిద్ది వీడికి, అన్నాడు. ఆ వారం నుంచే మీసం పైకి తిప్పడం మొదలుపెట్టాడు. ఇషాక్ వాళ్ళు దూదేకులవాళ్ళు, తాతల నాడు ఇల్లిల్లూ తిరిగి పత్తి ఏకి పరుపులు కుట్టినవాళ్ళు, తండ్రి నాటికి అదే పత్తి పండించే పొలంలోకి దిగారు. మెత్తటి మనిషి, దూదిలో పుట్టినందుకేమో. ఆ మెత్తటి ముఖానికి ఆ మీసం ఒక్కటే కాపలా. బాపయ్య మీసం సంగతి వేరు, అది ఎవర్ని చూసీ పెంచింది కాదు, పై పెదవి మీద కత్తి పెట్టించుకోవడానికి బద్ధకమై పెరిగింది. కాబట్టి పోతే నష్టమేముంది అని ఇందాకటి నుంచీ తనకు తాను చెప్పుకుంటున్నాడు, చెప్పుకుంటూనే దాన్ని పళ్ళతో లోపలికి లాక్కుని చప్పరిస్తున్నాడు.

మిరపతోటకు కోతలుంటాయి. మొదటి కోత కాయ కల్లంలో పోస్తే ఎండకు మెరుస్తుంది, పక్క ఊరివాళ్ళు కూడా ఆగి చూస్తారు. రెండో కోతా పరవాలేదు. ఆ తర్వాత కాయ పొట్టిపడుతుంది, రంగు చెడుతుంది, ఆఖరికి తాలు కాయలు వస్తాయి, పాలిపోయి, ఎముకల్లా. అప్పుడు రైతన్నవాడు ఏం చేస్తాడు, చెట్టు పీకి గట్టున పడేసి పొలం దున్నుకుంటాడు. సినిమావాళ్ళు మాత్రం ఎండిపోయిన చెట్టుకు ఎర్రరంగు పూసి, తాలు కాయలకు నూనె రాసి, ఇదిగో ఏడో కోత అని మిర్చి యార్డుకు పంపిస్తారు. మూడో పార్టులో వాడు రాత్రిపూట కూడా నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, అద్దాల కింద సంచులు దాచుకోవడానికి. ఇషాక్ ఏమన్నాడు, కళ్ళకలకేమోరా అన్నాడు. నాలుగో దాంట్లో తండ్రీ కొడుకూ తానే, ఇద్దరూ చెక్కే, ఒకళ్ళనొకళ్ళు కావిలించుకుంటే రెండు బల్లలు గుద్దుకున్న చప్పుడైంది. ఇషాక్ ఏమన్నాడు, ఇద్దరిలో తండ్రి బాగా చేశాడన్నాడు. ఐదోది విదేశం, అక్కడి దొంగలందరికీ తెలుగు వచ్చు, పోలీసులకు మాత్రం రాదు. ఆరో పార్టులో కొట్లాట మధ్యలో వాడి మీసం ఒక పక్క ఊడి వేలాడింది. అది అంటించిన మీసం అని ఊరు ఊరంతా చూసింది. గాలికిరా, అన్నాడు ఇషాక్. గాలికి, అని బాపయ్య కూడా అన్నాడు, ఎందుకన్నాడో ఇప్పటికీ తెలియదు. ఒక్కో పార్టుకూ ఒక్కో సాకు, ఆ సాకులన్నీ కలిపితే వాడి సినిమాల కన్నా పెద్ద కథ అవుతుంది, వాటికన్నా బాగుంటుంది కూడా. అసలు వాడికి సిగ్గుండాలి కదా. రెండో పార్టు తర్వాత కత్తి గోడకు తగిలించి కూర్చుని ఉంటే ఇప్పటికీ టీ కొట్లలో వాడి పేరు మీద కొట్టుకునేవాళ్ళు. కాదు, వాడు వచ్చాడు, మళ్ళీ వచ్చాడు, కుర్చీలో కూర్చోబెట్టి తోసుకురావాల్సి వచ్చినా వచ్చేట్టే ఉన్నాడు.

“ఇంకొక్కసారి చెప్పు బాబాయ్ ఆ ఆఖరి సీను,” అన్నాడు బుల్లయ్య, పెళ్ళికొడుకు ముఖం కడుగుతూ. “నేను చూసేదెట్టాగూ లేదు.”

“ఏముంది. విలను మనవరాలి మెడ మీద తుపాకి ఆనించాడు. నీ కత్తి కింద పెట్టు, పిల్లను వదిలేస్తానన్నాడు. మనవాడు కిందికి చూశాడు, పైకి చూశాడు. వాన కురుస్తోంది.”

“ఇందాక వాన లేదన్నావుగా?”

“ఇందాక తుంపర్రా. నీదాకా వచ్చేసరికి పెద్దదైంది. పెట్టనన్నాడు. అట్టా అంటూనే కత్తి గాల్లోకి విసిరాడు, అది మెరుపులాగా తిరిగి తిరిగి తుపాకిని రెండు ముక్కలు చేసి, బుద్ధిగా మళ్ళీ వాడి చేతిలోకే వచ్చి పడింది. కింద మాత్రం ఆనలేదు.”

“చూశావా,” అన్నాడు ఇషాక్, ఎవరితోనో తెలియకుండా. ఈసారి నవ్వలేదు. బాపయ్య చెబుతున్నంతసేపూ పెదాలు కదుపుతూ విన్నాడు, రేపు తాను చెప్పుకోవడానికి నేర్చుకుంటున్నట్టు.

పెళ్ళికొడుకు ఒళ్ళో ఫోన్ ఉన్నట్టుండి బారుకత్తి అని అరిచింది. బాపయ్య అటు మెడ చాచాడు. ఊళ్ళో ఫోన్లన్నీ ఈపాటికి కథ మొత్తం ఒలకబోసి ఉంటాయి, గుంటూరులో, బెజవాడలో పొద్దున్నే చూసినవాళ్ళు ఊరుకుంటారా. పెళ్ళికొడుకు తడి వేలితో దాన్ని తోసేశాడు, తర్వాత ఎవరో బిర్యానీ వండడం మొదలైంది. బాబూ, నీ పెళ్ళి సల్లగా జరగాలి, నీ ముఖం తొందరగా ఆరాలి.

అసలు ఈ పొగ గొడవంతా కోటేష్ తెచ్చిపెట్టింది. అభిమాన సంఘం అధ్యక్షుడు వాడు, ఇషాక్ తర్వాత. వేరే ఊళ్ళలో దిష్టి తీయాలంటే గుప్పెట్లో నాలుగు మిరపకాయలు పట్టుకుని, మనిషి చుట్టూ తిప్పి, పొయ్యిలో వేస్తారు. ఈ ఊళ్ళో నాలుగు కాయలంటే నవ్వరూ. యార్డులో బస్తాల కొండల మధ్య పెరిగినవాళ్ళు, ఇంత పెద్ద హీరోకు, అందులోనూ ఆఖరి సినిమాకు, గుప్పెడుతో సరిపెడితే పరువేం కావాలి. కోటేష్ అరబస్తా తాలు కాయలు తెచ్చాడు, పెళ్ళిళ్ళ వంటల బాండీ ఒకటి తెచ్చాడు, సరిగ్గా ఆఖరి యుద్ధం వేళకు దిష్టి తీయాలని ముహూర్తం పెట్టాడు, హాలు పక్క సందులో నిప్పు చేశాడు. ఏసీ మిషను బయటిగాలి లాక్కునే జల్లెడ ఆ సందులోనే ఉందన్న సంగతి వాడి ముహూర్తంలో లేదు. తెర మీద విలను కత్తి కింద పెట్టు అన్నాడు, ఆ మాట పూర్తయ్యీ కాకముందే పై నుంచి చల్లగా, కమ్మగా, అరబస్తా పొగ దిగింది. మొదట వెనక ఎవరో తుమ్మారు. ఆ తర్వాత హాలంతా ఒక్కటే దగ్గు, తలుపులు ఎటున్నాయో తెలియక కుర్చీల మీద పడేవాళ్ళు, చొక్కాలు పైకి లాక్కుని ముఖాలు కప్పుకునేవాళ్ళు. నాయనమ్మ చెప్పేది, మిరపకాయలు కాల్చినప్పుడు ఘాటు రాలేదంటే దిష్టి తగిలినట్టు, దిష్టే ఆ ఘాటును తినేస్తుందట. ఘాటొస్తే ఎవరి కన్నూ పడనట్టు. మరి అరబస్తా కాయలు ఒక్క పిసరు తగ్గకుండా ఘాటెక్కాయి. ఆ విగ్గు మీద, ఆ పట్టీ మీద, ఆ గుడ్డు ముఖం మీద లోకంలో ఒక్కడి కన్ను కూడా పడలేదన్నమాట. చూసి ఓర్వలేనివాళ్ళు లేని హీరో. ఇంతకన్నా పెద్ద రివ్యూ ఏ పేపరువాడు రాస్తాడు.

ఇక ఆ రెండు కళ్ళ సంగతి. నిజం చెప్పుకోవాల్సి వస్తే, హాలు మొత్తంలో అందరికన్నా ముందు మూసుకున్నవి అవే. వెనక తుమ్ము వినపడగానే బాపయ్యకు అర్థమైపోయింది, తెలిసినవాడు కాబట్టి ముందే భయపడ్డాడు, తువ్వాలు నెత్తి మీంచి కప్పుకుని, మోకాళ్ళ మధ్య తల దూర్చి, తోటలో మందు కొట్టే రోజు పిల్లల్ని ఇంట్లో పెట్టి తలుపేసినట్టు తనను తాను మూసేసుకున్నాడు. ఆ చీకట్లో ఆయన చూసింది తన పంచె. కానీ విన్నాడు. దగ్గుల మధ్య, స్పష్టంగా, ఇనుము గచ్చు మీద పడిన చప్పుడు, ఖంగుమని, పడి కాసేపు తిరిగి ఆగింది. కత్తి కింద పెట్టాడు. పెట్టడం కూడా కాదు, పారేశాడు. గెలిచాను, అనుకున్నాడు తువ్వాల్లో, దగ్గుతూనే నవ్వాడు. ఇషాక్ మీసం తీసే ముందు బుల్లయ్య చేత హారతి ఇప్పించాలని కూడా అనుకున్నాడు. అంతలో జబ్బ మీద ఒక చెయ్యి పడింది. తలుపులు తెరిచారు, వెలుగు వస్తోంది, పేర్లు పడుతున్నాయి, ఇషాక్ రెండు కళ్ళూ వాచిపోయి, నీళ్ళు మీసం మీదికి కారుతుంటే, తన జబ్బ పట్టుకుని అడిగాడు, పెట్టాడా? హేళన లేదు ఆ గొంతులో, పందెం లేదు. ఆసుపత్రి వరండాలో డాక్టర్ను అడిగినట్టు అడిగాడు. పెట్టలేదురా, అన్నాడు బాపయ్య. నోరు అనేసింది. బుర్రకు తెలిసేసరికి మాట హాలు దాటిపోయింది.

ఎందుకన్నానా అని ఇప్పుడు బల్ల మీద కూర్చుని వెతుక్కుంటుంటే ఎక్కడో అడుగున పత్తిచేను కనిపిస్తోంది, పచ్చపురుగు తినేసిన ఏడాది పత్తి. ఆకు లేదు, కాయ లేదు, మోళ్ళు. ఎన్ని మందులు కొట్టినా పురుగు ఆ మందులోనే స్నానం చేసి మళ్ళీ కాయలోకి దూరేది. ఊళ్ళో పొద్దున్నే ఎవరి ఇంటి ముందైనా జనం గుమిగూడితే ఎందుకని అడగడం మానేశారు. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇషాక్ కనిపించలేదు. వాడి భార్య చాంద్‌బీ వచ్చి, అన్నా, వాకిట్లో పురుగుమందు డబ్బా కూడా లేదన్నా, అంది, ఏడవలేదు, అదే భయపెట్టింది. బాపయ్య చేలన్నీ తిరిగాడు, కాలవగట్టు తిరిగాడు, చివరికి ఎవరో బస్సెక్కడం చూశామంటే సత్తెనపల్లి వచ్చాడు. అప్పుడు రెండో పార్టు ఆడుతోంది. ఆ తర్వాత జరిగింది బాపయ్య ఊళ్ళో చెప్పే పద్ధతి ఒకటుంది, ఇన్నేళ్ళుగా చెబుతున్నాడు, పెళ్ళిళ్ళలో అడిగి మరీ చెప్పించుకుంటారు: హాలు కిటకిటలాడుతోంది, తెర మీద వాడు కత్తి కింద పెట్టనని గర్జించాడు, అదే క్షణంలో ఇషాక్ సీటెక్కి నిలబడి, పెట్టను, నేనూ పెట్టను అని అరిచాడు, హాలంతా లేచి ఈలలు వేసింది. ఈ కథ వల్ల పత్తి మోళ్ళ మధ్య తిరిగే ఇషాక్‌ను చూసి జాలిపడేవాళ్ళు తగ్గారు, పెట్టను అని పలకరించేవాళ్ళు పెరిగారు. ఇషాక్ నడక మారింది. చెప్పగా చెప్పగా బాపయ్యకే ఆ అరుపు వినిపించడం మొదలైంది. ఆ కథలో డబ్బా ఉండదు. ఆ డబ్బా సీటు కింద ఉంది, మూత తీయలేదు, బాపయ్య దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చి తన చేలో కొట్టేశాడు. దానికి ఒక్క పురుగూ చావలేదు. మందు కూడా ఆఖరి పార్టు లాంటిదే, డబ్బా మీద బొమ్మ తప్ప లోపలేమీ లేదు.

“రా బాబాయ్,” అన్నాడు బుల్లయ్య. పెళ్ళికొడుకు మెరుస్తూ లేచాడు.

కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. మెడ చుట్టూ గుడ్డ కట్టాడు, పై పెదవి మీద నురగ పూశాడు, చల్లగా. అద్దంలో హాలు గేటు కనిపిస్తోంది, తిరగబడి. సైకిళ్ళ స్టాండువాడు లేచి నిలబడ్డాడంటే ఆట అయిపోవచ్చిందన్న మాటే. కానివ్వరా, అన్నాడు బాపయ్య నురగలోంచి. బుల్లయ్య కత్తికి కొత్త బ్లేడు వేశాడు, వేస్తూ బ్లేడు గురించి చెప్పాడు, పాత బ్లేళ్ళ గురించి చెప్పాడు. కానివ్వరా నాయనా. కత్తి ముక్కు కింద ఆనింది. కర్రుమంది. ఒక పక్క పోయింది, అక్కడి చర్మం ఎన్నడూ ఎండ చూడనిది, వలిచిన ముంజలా తెల్లగా బయటపడింది. ఇప్పుడు గేటు తెరుచుకుంటోంది. రెండో పక్క. పిల్లలు తనను చూసి ఎవరీ తాతయ్య అంటారేమో, సుబ్బరావమ్మ నవ్వుతుంది, నవ్వి చాలాకాలమైంది ఆమె, అదో లాభం. కర్రుమంది. నీళ్ళు చల్లి తుడిచాడు బుల్లయ్య. అయిపోయింది. బాపయ్య గుండెల నిండా గాలి తీసుకున్నాడు, ఆ గాలి పెదవికి కొత్తగా తగిలింది. నేల మీద వెంట్రుకలు కొన్ని తెల్లవి, కొన్ని ఇంకా నల్లవి.

మ్యాట్నీ జనం అంత్యక్రియలకు పోయొచ్చినట్టు మాట్లాడకుండా బయటికి వచ్చారు. కోటేష్ మాత్రం తిట్టుకుంటూ నేరుగా సెలూన్‌లోకి వచ్చాడు, చేతిలో సొట్టపోయిన బాండీతో.

“పొద్దున వాచ్‌మన్ తన్నేశాడు బాబాయ్ దీన్ని, నిప్పులతో సహా. గచ్చు మీద గిరగిరా తిరిగింది. అద్దెకు తెచ్చిన బాండీ.”

“ఆఖర్న ఏమైందిరా?” అన్నాడు బుల్లయ్య.

“ఏమవుద్ది. కత్తి కింద పెట్టమన్నాడా, పైన హెలికాప్టరొచ్చింది. అందులోంచి మేనల్లుడు దిగాడు.”

“ఎవడి మేనల్లుడు?”

“కథలో మేనల్లుడే, బయటా మేనల్లుడే. మావయ్యా ఇటివ్వు అని కత్తి లాక్కుని, అందర్నీ వాడే నరికేశాడు. ఇకనుంచి బారుకత్తి వాడేనంట.”

“మరి మనవాడు?” ఇషాక్ అడిగాడు.

“పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు బాబాయ్.”

బాపయ్యకు ముందు నవ్వొచ్చింది. తాను విన్నది బాండీ చప్పుడు. జన్మకు ఒక్క అబద్ధం ఒకడి మంచికని ఆడితే అది కాస్తా నిజమై కూర్చుంది, కింద పెట్టలేదు, ఇషాకే గెలిచాడు, మీసం న్యాయంగానే పోయింది. ఆ మాటే అనబోయి అద్దంలో ఇషాక్‌ను చూసి ఆగిపోయాడు.

“నువ్వు చూడలేదన్నమాట,” అన్నాడు ఇషాక్.

“లేదురా. నీకన్నా ముందే తువ్వాలు కప్పుకున్నా. నా కళ్ళంత పిరికి కళ్ళు పల్నాట్లోనే లేవు.”

“చప్పట్లు కొట్టాడంట.”

“కొడితే కొట్టాడు.”

ఇషాక్ లేచాడు. బాపయ్య భుజం మీద చెయ్యేసి కుర్చీలోంచి లేపాడు, తాను కూర్చున్నాడు. గుడ్డ తానే కట్టుకున్నాడు. “నాదీ తియ్యి బుల్లయ్యా.”

“గెలిచినోడివి, నీకెందుకు బాబాయ్?”

“చప్పట్లు కొట్టినోడి మీసం నాకొద్దు.”

బుల్లయ్య నురగ కలపబోయాడు. బాపయ్య ఆ మణికట్టు పట్టుకున్నాడు. “అది వాడి మీసం కాదురా.”

“వాడిదే. పత్తి పోయిన ఏడాది నన్ను లేపి నిలబెట్టింది వాడు కాదూ. సీటెక్కి అరిచానని నువ్వేగా ఊరంతా చెబుతావు.”

“నువ్వు సీటెక్కలేదు. అరవలేదు. అది నేను కలిపింది.” బాపయ్య గొంతు సవరించుకున్నాడు, మీసం లేకపోవడం వల్ల మాటలు బోసిగా వస్తున్నట్టనిపించింది. “నేనొచ్చేసరికి నువ్వు నిద్రపోతున్నావు. వాడు తెర మీద గొంతు చించుకుంటున్నాడు, నీకు సోయే లేదు. తెల్లవార్లూ నీళ్ళు కట్టినోడిలాగా, నోరు తెరుచుకుని నిద్రపోయావు. నిన్ను నిలబెట్టింది ఆ నిద్రరా, వాడు కాదు. నీ గురకకు పక్క సీటాయన తిట్టుకుంటూ వెనక్కి పోయాడు.”

ఇషాక్ అద్దంలో తన ముఖం వంక చూసుకున్నాడు, ఎవరి ముఖమో గుర్తుపట్టాలన్నట్టు, చాలాసేపు. తర్వాత మెడ దగ్గర ముడి వెతుక్కుని గుడ్డ విప్పేశాడు.

“ఇదన్నా నిజమా, ఇప్పుడు కల్పించావా?”

“పక్క సీటాయనొక్కడే కల్పన,” అన్నాడు బాపయ్య. “ఆ రోజు హాల్లో నువ్వు తప్ప ఎవరూ లేరు.”